కణంలో సంకేతాలు – కాన్సర్‌కు కళ్ళెం

మానవ శరీరంలో ఏ జీవకణమూ స్వతంత్రించి పనిచేయదు. ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఊరుకోవాలో, చివరకు ఎప్పుడు చనిపోవాలో కూడ దానికి బయటినుండి కబురు అందవలసిందే. ఆ కబురు ఒక హార్మోను రూపంలోనో, మరొక రసాయనం రూపంలోనో వచ్చి కణపు పైపొర మీది గ్రాహకాన్ని తాకుతుంది. గ్రాహకం లోపలి ప్రోటీను నొకదానిని మేల్కొలుపుతుంది. అది మరొకదానిని, ఆ మరొకటి ఇంకొకదానిని. పూర్వం తాలూకా కచేరీ నుండి గ్రామ మునసబుకు, మునసబు నుండి వెట్టివానికి ఉత్తరువు దిగినట్లు వార్త అంచెలంచెలుగా కణకేంద్రకం వరకు చేరుతుంది. దీనినే శాస్త్రజ్ఞులు సంకేత మార్గం అంటారు.

ఒక ప్రోటీను మరొకదానిని మేల్కొలిపే పద్ధతి విచిత్రమైనది. ఎ.టి.పి. అనే అణువు నుండి ఒక ఫాస్ఫేటు ముక్కను తెంచి పక్క ప్రోటీనుకు తగిలిస్తుంది. ముక్క తగలగానే ఆ ప్రోటీను ఆకారం మారి పని ప్రారంభిస్తుంది. ముక్క ఊడితే పని ఆగుతుంది. తగిలించే ఎంజైములకు కైనేజులని పేరు. మనిషిలో ఇవి ఐదు వందలకు పైగా ఉన్నాయి. ఈ తగిలింపు రహస్యాన్ని 1950 దశకంలో వెలికితీసిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి లభించింది.

ఎ.టి.పి. పేరు వినగానే తెలుగువారికి భీమవరం జ్ఞప్తికి రావలసి ఉన్నది. 1895లో అక్కడ జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఈ అణువును కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నారు. కణాల సంకేతాలతో దీనికి సంబంధమున్నదని అప్పటికి ఎవరూ ఎరుగరు. ఏడు దశాబ్దాల తరువాత ఒక రక్త కాన్సర్‌ను లొంగదీసినది మాత్రం ఈ అణువు కూర్చునే పీట మీద జరిగిన యుద్ధమే.

ఆ జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ ల్యుకీమియా. ఎముక మూలుగలో తెల్లకణాలు అదుపు తప్పి పెరుగుతాయి. ప్లీహం వాచి కడుపు బరువెక్కుతుంది. చాలమందిలో ఏ బాధా లేకుండానే, వేరే పనికై చేయించుకున్న రక్తపరీక్షలో బయటపడుతుంది. 1960లో ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాలలో ఒక కురచ క్రోమోజోమును చూశారు. 1973లో జానెట్ రౌలీ దాని గుట్టు విప్పింది: 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము తమ కొసలను పరస్పరం మార్చుకున్నాయి. అతుకు పడిన చోట రెండు జన్యువులు కలిసిపోయి ఒక కొత్త కైనేజు పుడుతున్నది. దీనికి బయటి కబురుతో పనిలేదు. మీట నొక్కుకుపోయిన కాలింగ్ బెల్లు వలె విభజన సంకేతాన్ని నిరంతరం మోగిస్తూనే ఉంటుంది.

స్విట్జర్లండులోని సీబా-గైగీ కంపెనీలో నికలస్ లైడన్ బృందం ఈ కైనేజులో ఎ.టి.పి. కూర్చునే చోటును ఆక్రమించే ఒక చిన్న అణువును తయారు చేసింది. ఎ.టి.పి.కి చోటు లేకపోతే ఫాస్ఫేటు లేదు, ఫాస్ఫేటు లేకపోతే సంకేతమూ లేదు. అదే ఇమాటినిబ్. అమెరికాలో బ్రయన్ డ్రూకర్ 1998 జూన్‌లో దీనిని రోగులకు ఇవ్వడం ప్రారంభించారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మే నెలలో అమెరికా అనుమతి లభించింది. పదేళ్ళకు పైగా సాగిన పరిశీలనలో ఈ మందుతో చికిత్స ప్రారంభించిన వారిలో సుమారు 83 శాతం జీవించి ఉన్నట్లు తేలింది. వెనుకటి మందులతో ఈ జబ్బుకు ఆయుర్దాయం కొద్ది సంవత్సరాలే.

మందు పుట్టడం ఒక ఎత్తు, రోగి చేతికి అందడం మరొక ఎత్తు. భారతదేశంలో గ్లివెక్ ఖరీదు అప్పట్లో నెలకు సుమారు లక్షా ఇరవై వేల రూపాయలుండేది. నన్నపనేని వెంకయ్య చౌదరి 1981లో హైదరాబాదులో స్థాపించిన నాట్కో ఫార్మా ఇదే అణువును 2003లో వీనాట్ పేరుతో విడుదల చేసింది. భారత కంపెనీల మందు పది వేల రూపాయల ప్రాంతంలో లభించింది. పేటెంటు వివాదం సుప్రీంకోర్టు దాకా పోయి, 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ కోరిక తిరస్కరింపబడింది. అంతకు ముందే, 2012 మార్చిలో, కాలేయ, మూత్రపిండ కాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ విషయంలో నాట్కోకు దేశంలోనే మొదటి తప్పనిసరి లైసెన్సు దక్కింది. అదీ కైనేజులను అడ్డగించే మందే. నెలకు సుమారు 2,80,000 రూపాయలున్న చికిత్స 8,880 రూపాయలకు దిగింది.

ఈ పద్ధతి కాన్సర్‌తో ఆగలేదు. కీళ్ళవాతంలో మంటను రేపే జేనస్ కైనేజులను ఆపే టోఫాసిటినిబ్ 2012లో వచ్చింది. ఆ కోవకే చెందిన బారిసిటినిబ్ కోవిడ్ రోగుల చికిత్సకు కూడ ఉపకరించింది. అయితే ప్రతి కాన్సర్ ఇంత తేలికగా లొంగుతుందని పత్రికలు ఊరించడం అతిశయోక్తి. ల్యుకీమియాలో ఒక్క మీట చెడింది కనుక ఒక్క మందు చాలింది. ఊపిరితిత్తుల కాన్సర్ వంటి వాటిలో అనేక మీటలు చెడి ఉంటాయి. ఒక దారి మూస్తే కణం పక్కదారి పడుతుంది. ల్యుకీమియాలో సైతం కైనేజు ఆకారం కొద్దిగా మారి మందు అతకని సందర్భాలున్నవి. అందుకే డాసాటినిబ్, నిలోటినిబ్, పొనాటినిబ్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

ఖతర్‌లో ఈ చికిత్సకు నెలవు దోహాలోని హమద్ మెడికల్ కార్పొరేషన్ వారి జాతీయ కాన్సర్ చికిత్సా పరిశోధనా కేంద్రం. 2004లో అల్ అమల్ ఆసుపత్రిగా మొదలైంది. అమల్ అంటే అరబ్బీలో ఆశ. ఖతర్‌లోని ల్యుకీమియా రోగులు ఇమాటినిబ్‌ను ఎంత క్రమంగా వాడుతున్నారో ఇక్కడి పరిశోధకులు పరిశీలించి 2016లో ప్రచురించారు. సీసా మూత తెరచిన ప్రతిసారీ వేళను నమోదు చేసే ఎలక్ట్రానిక్ మూతలను అందుకు వాడారు. మోతాదులు తప్పడం చికిత్స ఫలించకపోవడానికి ముఖ్య కారణంగా కనిపించింది.

గల్ఫు ఉద్యోగి జీవితంలో మోతాదు తప్పడానికి సందర్భాలు అనేకం. సెలవుపై ఊరికి పోవడం, ఉద్యోగం మారడం, బాగానే ఉన్నాను గదా అన్న ధీమా. దోహాలో ఒక పేరుతో ఇచ్చిన బిళ్ళ కరీంనగర్‌లోనో కడపలోనో వేరొక పేరుతో ఉంటుంది. ఇమాటినిబ్ అన్న అసలు పేరు, మోతాదు కాగితం మీద ఉంటే వైద్యునికి తికమక ఉండదు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ రక్తంలో ఈ మందు పాలును బాగా తగ్గిస్తుంది గనుక ఆ సంగతి ముందే చెప్పాలి.

జీవితాంతం మింగవలసిందేనా అన్న ప్రశ్న సహజం. ఫ్రాన్సులో రెండేళ్ళకు పైగా జబ్బు జాడ పరీక్షకు అందని 100 మందికి మందు ఆపి చూశారు. సుమారు 40 మందిలో జబ్బు తిరిగి రాలేదు. తక్కిన వారిలో చాలమందికి ఆరు నెలల లోపే తిరగబెట్టింది. ప్రతి నెలా రక్తపరీక్ష జరుగుతున్నందున వెంటనే పట్టుబడి, మందు తిరిగి మొదలుపెట్టగానే మళ్ళీ అణగింది.