కంటికి కనిపించని గుర్తు, చేజారిన మార్కు

వస్త్ర నగరం సూరత్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాట కూడా వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి నేత పనికి వలస వెళ్లిన కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. అందుకే అక్కడి నగరపాలక పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది.

అలాంటి ఒక బడిలో ఆన్‌లైన్ పరీక్ష జరుగుతోందని ఊహించండి. తాపీ నది ఒడ్డున ఉన్న వస్త్ర నగరం ఏది అన్నది ప్రశ్న. ఒక విద్యార్థిని 'సూరత్' అని టైపు చేసింది. కంప్యూటర్ తప్పు అని సున్నా వేసింది. ఉపాధ్యాయుడు ఇచ్చిన జవాబునూ ఆ అమ్మాయి జవాబునూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనిపించదు. మరి తప్పు ఎక్కడుంది?

ఒక మాట, మూడు లెక్కలు

'సూరత్' అనే మాటలో మన కంటికి కనిపించేవి మూడు అక్షరాలు: సూ, ర, త్. కంప్యూటర్ మాత్రం యూనికోడ్ పద్ధతిలో స, దీర్ఘపు కొమ్ము, ర, త, పొల్లు అని అయిదు సంకేతాలుగా దాచుకుంటుంది. యూటీఎఫ్-8 విధానంలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. అంటే అదే మాట 15 బైట్లు. ఒకే మాటకు 3, 5, 15 అని మూడు కొలతలు ఉన్నాయన్నమాట.

వీటికి తోడు అసలు కనిపించని గుర్తు ఇంకొకటి ఉంది. 'సూరత్‌లో' అని రాసేటప్పుడు 'త్', 'లో' కలిసిపోయి ఒత్తుగా మారకుండా రెంటినీ విడదీసే గుర్తు అది. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత దీన్ని తమంతట తామే చేర్చుతాయి. ముందు 'సూరత్‌లో' అని కొట్టి తర్వాత 'లో' చెరిపేసినా ఆ గుర్తు మాట చివర మిగిలిపోవచ్చు. అప్పుడు విద్యార్థిని జవాబులో ఆరు సంకేతాలు, ఉపాధ్యాయుడి జవాబులో అయిదు. సంకేతానికి సంకేతం పోల్చి చూసే ప్రోగ్రాముకు ఇవి రెండూ వేర్వేరు మాటలే.

మూడుల్, దాని ప్లగిన్‌లు

ఆన్‌లైన్ పాఠాలకూ పరీక్షలకూ ప్రపంచవ్యాప్తంగా వాడుతున్న వేదికల్లో మూడుల్ ఒకటి. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియమాస్ దీన్ని రూపొందించారు. తొలి వెర్షన్ 2002లో వచ్చింది. పీహెచ్‌పీ భాషలో రాసిన ఈ సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా అందుబాటులో ఉంది. ఎవరైనా తీసుకుని తమ అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

అసలు మూడుల్‌ను కదిలించకుండా దానికి కొత్త పనులు నేర్పడానికి ప్లగిన్‌లు ఉపయోగపడతాయి. కొత్త రకం ప్రశ్నకు ఒకటి, హాజరుకు ఒకటి, పేజీ రూపం మార్చడానికి ఇంకొకటి. తెలుగు జవాబులు దిద్దే ప్లగిన్ కూడా ఇలాగే రాసుకోవచ్చు. అయితే పిల్లలకు మార్కులు వేసే ఆ ప్లగిన్‌కు ముందుగా పరీక్ష పెట్టేదెవరు? ఆ పని చేసేదే యూనిట్ టెస్ట్.

ప్రోగ్రాముకు పరీక్ష

ప్రోగ్రాములోని ఒక చిన్న భాగాన్ని విడిగా తీసుకుని, అది చెప్పిన పని చెప్పినట్టు చేస్తోందో లేదో చూసే మరో చిన్న ప్రోగ్రామే యూనిట్ టెస్ట్. ఇందులో మూడు మెట్లు ఉంటాయి. ముందు సరంజామా సిద్ధం చేయాలి. తర్వాత పని చేయించాలి. చివరికి వచ్చిన ఫలితాన్ని రావలసిన ఫలితంతో పోల్చాలి. రెండూ ఒకటైతే టెస్ట్ నెగ్గినట్టు, కాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో అది చూపిస్తుంది.

మూడుల్‌లో ఈ పనికి పీహెచ్‌పీయూనిట్ అనే సాధనాన్ని వాడతారు. దీన్ని జర్మనీకి చెందిన సెబాస్టియన్ బెర్గ్‌మన్ తయారు చేశారు. ప్లగిన్ ఫోల్డర్ లోపల 'టెస్ట్స్' అనే ఫోల్డరు పెట్టి టెస్టులన్నీ అందులో ఉంచుతారు. టెస్టుకు కావలసిన విద్యార్థులను, కోర్సులను, ప్రశ్నలను మూడుల్ అప్పటికప్పుడు నకిలీగా సృష్టించి ఇస్తుంది. ఈ సమాచారం వేరే పట్టికల్లో ఉంటుంది కాబట్టి అసలు పిల్లల మార్కుల జోలికి వెళ్లదు. టెస్ట్ చేసిన మార్పులను అది ముగియగానే చెరిపివేసి, తర్వాతి టెస్టుకు శుభ్రమైన పలక అందించే ఏర్పాటు కూడా ఉంది.

ఏయే ప్రశ్నలు అడగాలి?

తెలుగు జవాబులు దిద్దే ప్లగిన్‌కు కనీసం ఈ టెస్టులు అవసరం:

• 'సూరత్' అని మామూలుగా రాస్తే పూర్తి మార్కు రావాలి.

• మాట చివర కనిపించని గుర్తు ఉన్నా పూర్తి మార్కు రావాలి.

• పొల్లు లేకుండా 'సూరత' అని రాస్తే మార్కు రాకూడదు.

• 'మైసూరు'లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాలుగానూ దాచే వీలు యూనికోడ్‌లో ఉంది. ఏ రూపంలో వచ్చినా జవాబు ఒప్పు కావాలి.

• 'మరమగ్గాలు' అన్న మాట మధ్యలో తెగిపోకూడదు. దాని పొడవు 27 బైట్లు. బైట్లను అక్షరాలుగా పొరబడి 20 దగ్గర కోస్తే, ఏడో సంకేతం నడుమ తెగి తెరపై అర్థం లేని గుర్తు మిగులుతుంది.

• జవాబు ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాము ఆగిపోకూడదు.

వీటిలో మూడోది చాలా ముఖ్యం. ఒప్పును ఒప్పు అనడమే కాదు, తప్పును తప్పు అనడం కూడా దిద్దేవారి పనే. కనిపించని గుర్తును వదిలేయమని చెప్పే తొందరలో పొల్లును కూడా వదిలేస్తే తప్పు జవాబులకు మార్కులు పడతాయి. దీనికి పరిష్కారం ఏమిటంటే, పోల్చే ముందు రెండు జవాబులనూ ఒకే యూనికోడ్ రూపానికి తెచ్చి, కనిపించని గుర్తును మాత్రమే తీసివేయాలి. విద్యార్థి రాసిన అసలు జవాబును మాత్రం ఉన్నది ఉన్నట్టే దాచాలి.

లోపం బయటపడినప్పుడు వెంటనే ప్రోగ్రామును సరిదిద్దకుండా, ముందు ఆ లోపాన్ని పట్టి చూపే టెస్ట్ రాయడం మంచి అలవాటు. ఆ టెస్ట్ మొదట ఓడిపోవాలి. సరిదిద్దాక నెగ్గాలి. ఓడిపోవడం ఒక్కసారైనా చూడని టెస్ట్ నిజంగా ఏదైనా పరీక్షిస్తోందో లేదో చెప్పలేం.

మగ్గం నేర్పే పాఠం

ఈ ఆలోచన నేత పని తెలిసినవారికి కొత్త కాదు. స్వయంచాలక మగ్గాల్లో ప్రతి పడుగు పోగు మీదా ఒక సన్నని లోహపు బద్ద వేలాడుతుంది. పోగు తెగితే ఆ బద్ద జారిపడి మగ్గాన్ని ఆపేస్తుంది. లోపం గజాల కొద్దీ బట్టలోకి పాకకముందే పోగును ముడివేయవచ్చు. యూనిట్ టెస్టు కూడా అలాంటి బద్దే. మూడుల్ కొత్త వెర్షన్లు ఏడాదికి రెండుసార్లు వస్తుంటాయి. వచ్చిన ప్రతిసారీ ప్లగిన్‌లోని ఏ పోగు తెగిందో మనుషులు కూర్చుని వెతకడం కష్టం. ప్రోగ్రాము మారినప్పుడల్లా టెస్టులన్నీ వాటంతట అవే నడిచేలా ఏర్పాటు చేసుకుంటే ఆ బరువు తగ్గుతుంది.

అయితే బద్ద లేని చోట పోగు తెగితే మగ్గం ఆగదు. రాసిన టెస్టులన్నీ నెగ్గాయంటే లోపాలేవీ లేవని కాదు, అడిగిన ప్రశ్నలకు సరైన జవాబు వచ్చిందని మాత్రమే. ఆంగ్ల మాటలతోనే టెస్టులు రాస్తే తెలుగులో వచ్చే చిక్కులు బయటపడవు. పొల్లు, ఒత్తు, ఐత్వం తెలిసిన భాషా ఉపాధ్యాయుడు ప్రోగ్రామర్ పక్కన కూర్చుని చెప్పే పది మాటలు ఇక్కడ ఎంతో విలువైనవి. ఆ పదీ టెస్టుల్లో చేరితే, సరైన జవాబు రాసిన విద్యార్థినికి రావలసిన మార్కు దక్కుతుంది.