ఏ గ్రాఫిక్స్ కార్డు ఎవరికి?
4090, 7900 ఎక్స్‌టీఎక్స్ పనితీరులో తేడాలివీ

కంప్యూటర్ ధరలో ఒకప్పుడు ప్రాసెసర్‌దే సింహభాగం. నేడు ఆ స్థానాన్ని గ్రాఫిక్స్ కార్డు ఆక్రమించింది. మేటి కార్డు ఒక్కటి కొనాలంటే మిగిలిన విడిభాగాలన్నీ కలిపినా అంత కాని మొత్తం వెచ్చించవలసి వస్తోంది. జిల్లా కేంద్రాల్లో పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్లు నడిపేవారు, త్రీడీ యానిమేషన్ నేర్చిన యువకులు, ఇంజినీరింగ్ విద్యార్థులు ఇటువంటి కార్డులపై ఆసక్తి చూపుతున్నారు. అప్పు చేసి కొనేవారూ లేకపోలేదు. పనికి తగని కార్డును ఎంచుకుంటే ఆ సొమ్ము వృథా అయినట్లే. అందుకే ఎన్విడియా సంస్థ జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4090, ఏఎండీ సంస్థ రేడియాన్ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ కార్డుల తారతమ్యాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

ఈ రెండింటినే ఎందుకు ఎంచుకోవాలన్న సందేహం కలగవచ్చు. 2022 అక్టోబరులో 4090, అదే ఏడాది డిసెంబరులో 7900 ఎక్స్‌టీఎక్స్ విపణిలోకి వచ్చాయి. అత్యున్నత శ్రేణిలో రెండు సంస్థలూ ముఖాముఖి తలపడిన సందర్భం ఆ తర్వాత లేదు. 2025లో ఎన్విడియా 5090ని విడుదల చేయగా, ఏఎండీ 9070 ఎక్స్‌టీతో మధ్యశ్రేణికే పరిమితమైంది. 2022 నాటి కార్డులు ఇప్పుడు వాడినవిగా చేతులు మారుతున్నాయి. రెండు సంస్థలకూ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలుండటం మనకు అదనపు ఆసక్తి.

నిర్మాణంలోనే భేదం

4090లోని చిప్ ఒకే పలక. సుమారు 608 చదరపు మిల్లీమీటర్ల విస్తీర్ణంలో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లను ఇమిడ్చారు. పలక పెద్దదయ్యేకొద్దీ తయారీలో లోపం దొర్లే అవకాశం పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఏఎండీ మరో మార్గం తొక్కింది. లెక్కలు చేసే ప్రధాన భాగాన్ని 300 చదరపు మిల్లీమీటర్లకు కాస్త పైన ఉండే చిన్న పలకగా, 5 నానోమీటర్ల పరిజ్ఞానంతో రూపొందించింది. మెమరీని చూసుకునే భాగాలను ఆరు చిన్న ముక్కలుగా విడదీసి, చౌకైన 6 నానోమీటర్ల పరిజ్ఞానంతో చేయించింది. అమెరికాలో విడుదల ధర 4090కి 1,599 డాలర్లు కాగా, 7900కి 999 డాలర్లే ఉండటానికి ఇదీ ఒక కారణం. మన దగ్గర 18 శాతం జీఎస్టీ కలిసేసరికి ఆ అంతరం ఇంకా పెరిగింది.

రెండింటికీ మెమరీ 24 జీబీ. డేటా రవాణా వేగం 4090లో సెకనుకు 1,008 జీబీలు, రెండోదానిలో 960 జీబీలు. ఇంతవరకు సమ ఉజ్జీలే. కోర్ల సంఖ్య మాత్రం మొదటిదానికి 16,384, రెండోదానికి 6,144 అని పెట్టెలపై కనిపిస్తుంది. దీన్ని చూసి మొదటిది రెండున్నర రెట్లు వేగమనుకోవడం పొరపాటు. రెండు సంస్థలూ కోరు అన్న మాటను ఒకే అర్థంలో వాడటం లేదు. దుకాణదారులు ఈ అంకెనే ముందుగా వల్లించడం విడ్డూరం.

ఆటల్లో ఎవరిది పైచేయి?

తెరపై సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయన్నదే ఆటల్లో కొలమానం. దీన్ని ఫ్రేములంటారు. సాధారణ పద్ధతిలో చిత్రించే ఆటల్లో, 4కే తెరపై 4090 సుమారు పావు వంతు ముందుంటుంది. అంటే 7900 సెకనుకు 60 ఫ్రేములిచ్చేచోట ఇది దాదాపు 75 ఇస్తుంది. ఒక్కో బొమ్మకు పట్టే సమయం 16.7 మిల్లీసెకన్ల నుంచి 13.3కు తగ్గుతుందన్నమాట. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప చాలామంది కంటికి ఈ తేడా ఆనదు. కాల్ ఆఫ్ డ్యూటీ వంటి కొన్ని ఆటల్లో ఏఎండీ కార్డు దాదాపు సమానంగానూ నిలుస్తుంది.

కాంతి కిరణాల గమనాన్ని లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలను చూపే రే ట్రేసింగ్ పద్ధతికి వస్తే కథ మారిపోతుంది. సైబర్‌పంక్ 2077 వంటి భారీ ఆటల్లో 4090 రెట్టింపు వేగాన్ని సైతం అందుకుంటుంది. 2023 ఏప్రిల్‌లో అదే ఆటకు చేర్చిన పూర్తిస్థాయి కిరణ చిత్రణలో, 4కే తెరపై ఏ సాయమూ లేకుండా 7900 ఒంటి అంకె ఫ్రేములకే పరిమితమైంది. 4090 సైతం హాయిగా ఆడుకునేంత వేగాన్ని ఇవ్వలేకపోయింది.

ఆ సాయం పేరే డీఎల్‌ఎస్‌ఎస్. తక్కువ స్పష్టతతో గీసిన బొమ్మను కృత్రిమ మేధతో పెద్దది చేయడం, రెండు ఫ్రేముల నడుమ మరొకదాన్ని కల్పించడం దీని పని. ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ పేరుతో ఇటువంటిదే అందిస్తున్నా, 7900 విడుదలైననాటి రూపంలో దానికి కృత్రిమ మేధ తోడు లేదు. బొమ్మ నాణ్యతలో డీఎల్‌ఎస్‌ఎస్‌దే మెరుగన్నది పరీక్షకుల మాట. అయితే కల్పిత ఫ్రేములతో అంకె పెరుగుతుందే గాని, మౌస్ కదలికకు ఆట స్పందించే వేగం పెరగదు. ప్రకటనల్లో కనిపించే రెండింతలు, మూడింతలు వంటి అంకెల్లో ఈ కల్పిత ఫ్రేములు కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మరో విషయం. 60 హెర్ట్జ్ వేగంతో పనిచేసే సాధారణ 1080పీ తెర ఉన్నవారికి ఈ రెండింటిలో ఏదీ అవసరం లేదు. అక్కడ వేగాన్ని నిర్ణయించేది ప్రాసెసర్. రెండు కార్డుల నడుమ తేడా దాదాపు మాయమవుతుంది.

పని చేసుకునేవారికి..

ఆటలు కాలక్షేపం, ఉపాధికి వాడేవారి లెక్క వేరు. త్రీడీ బొమ్మలకు విరివిగా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్. అందులోని సైకిల్స్ విధానంలో 4090 వేగం 7900 కంటే సుమారు మూడు రెట్లు. ధరలో అరవై శాతం తేడా ఉన్నా, ఏఎండీ కార్డుపై రాత్రంతా పట్టే రెండరింగ్ రెండు మూడు గంటల్లో ముగుస్తుంటే యానిమేషన్ చేసేవారికి అది గిట్టుబాటే. ఎన్విడియా వారి కూడా వేదికను నమ్ముకుని ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్‌లు తయారు కావడం ఇందుకు ప్రధాన కారణం. కృత్రిమ మేధ ప్రయోగాలు చేసే విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది. ఏఎండీ ఆర్‌ఓసీఎం వేదిక 2023 చివర్లో లైనక్స్‌పై 7900కు అండగా నిలిచినా, దాన్ని సరిగా అమర్చుకోవడానికి ఓపిక కావాలి.

పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసేవారు మాత్రం ఇక్కడ కాస్త ఆగాలి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు పది బిట్ల 4:2:2 రకం వీడియోను రికార్డు చేస్తున్నాయి. రంగుల దిద్దుబాటుకు ఇది అనుకూలం. కానీ ఆ రకం వీడియోను విప్పి చూపే యంత్రాంగం 4090లోనూ లేదు, 7900లోనూ లేదు. ఫలితంగా ఆ భారమంతా ప్రాసెసర్‌పై పడి, టైమ్‌లైన్ మీద వీడియో తడబడుతుంది. ఎన్విడియా ఈ సదుపాయాన్ని 2025 నాటి 50 శ్రేణిలోనే చేర్చింది. దీనికి చవకైన మార్గం ఉంది. 11వ తరం నుంచి వచ్చిన ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని అంతర్గత గ్రాఫిక్స్, హెచ్‌ఈవీసీ పద్ధతిలోని 4:2:2 వీడియోను సునాయాసంగా విప్పుతుంది. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో ఈ భాగం పనిచేయదు. రెండు వేలు మిగులుతాయని ఎఫ్ రకం కొని, తడబాటు పోవడానికి లక్షకు పైగా పోసి కార్డు కొంటే ఫలితం ఉండదు. మధ్యశ్రేణి కార్డు, సరైన ప్రాసెసర్, వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలామంది మిక్సింగ్ యూనిట్ల యజమానుల అవసరం తీరుతుంది.

కరెంటు, వేడి

4090 గరిష్ఠంగా 450 వాట్లు, 7900 గరిష్ఠంగా 355 వాట్లు వాడుకునేలా రూపొందాయి. రోజుకు ఎనిమిది గంటలు పూర్తి భారంతో నడిస్తే మొదటిది 3.6 యూనిట్లు, రెండోది 2.84 యూనిట్లు కాలుస్తుంది. తేడా యూనిట్‌లో మూడొంతులే. చేసిన పనితో పోలిస్తే రెండరింగ్‌లో 4090దే పొదుపు. విద్యుత్ పరిమితిని మూడో వంతు వరకు తగ్గించి నడిపినా దీని వేగం కొద్ది శాతమే పడిపోవడం గమనార్హం. మన వేసవిలో ఏసీ లేని గదిలో పనిచేసేవారు ఈ సర్దుబాటు తప్పక చేసుకోవాలి. వాడిన కరెంటంతా చివరకు వేడిగా మారి గదిలోకే వస్తుంది.

ఇళ్లలో సాధారణంగా వాడే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల వరకే. ఈ కార్డులున్న కంప్యూటర్ 550 నుంచి 650 వాట్ల వరకు లాగుతుంది. కరెంటు పోగానే యూపీఎస్ కూత పెట్టి ఆగిపోతే రాత్రంతా చేసిన పని గాలికి పోతుంది. కార్డు ధరతోపాటు మేలైన యూపీఎస్, 850 వాట్ల పవర్ సప్లై ధరను కూడా లెక్కలో కలుపుకోవాలి.

వాడినది కొనేముందు..

రెండు కార్డులకూ ఒక్కో బలహీనత బయటపడింది. 4090కి కరెంటు అందించే 16 పిన్నుల కనెక్టర్ కొందరి వద్ద కరిగిపోయింది. పూర్తిగా లోపలికి నొక్కకపోవడమే ప్రధాన కారణమని ఎన్విడియా 2022 నవంబరులో ప్రకటించింది. ఆ తర్వాత కనెక్టర్ రూపాన్ని సవరించారు. 7900లో ఏఎండీ సొంత నమూనా కార్డులు కొన్నింటిలో చల్లబరిచే గదిలో ద్రవం తక్కువై, ఒకచోట ఉష్ణోగ్రత 110 డిగ్రీలకు చేరింది. లోపాన్ని అంగీకరించిన సంస్థ వాటిని మార్చి ఇచ్చింది.

4090 విషయంలో మరో ముప్పు ఉంది. 2023 అక్టోబరులో అమెరికా దీని ఎగుమతిని చైనాకు నియంత్రించడంతో, కార్డుల నుంచి చిప్‌లు ఊడదీసి వేరే బోర్డులపై అమర్చే వ్యాపారం సాగింది. చిప్ లేని ఖాళీ కార్డులు కొనుగోలుదారుల చేతికి వచ్చిన ఉదంతాలు ఆ తర్వాత వెలుగు చూశాయి. కనుక పెట్టెను చూసి సొమ్ము చెల్లించరాదు. కార్డును కంప్యూటర్‌లో పెట్టించి, అరగంటపాటు పూర్తి భారంతో నడిపించి, సగటు ఉష్ణోగ్రతకు, అత్యంత వేడి బిందువుకు మధ్య అంతరాన్ని చూడాలి. కనెక్టర్ ప్లాస్టిక్ రంగు మారిందేమో టార్చి వెలుగులో పరికించాలి. 4090 బరువు రెండు కిలోలకు పైనే ఉంటుంది. ఆసరా లేకుండా ఏళ్ల తరబడి వేలాడితే స్లాటు వద్ద బోర్డు బీటలు వారవచ్చు. కార్డుపై ఉన్న సీరియల్ నంబరు బిల్లులోని నంబరుతో సరిపోలాలి. పేరు మారినా వారంటీ వర్తిస్తుందా అన్నది కార్డు తయారీదారు వెబ్‌సైట్‌లో ముందే చూసుకోవాలి.