అడగని విద్యార్థికీ అదే న్యాయం

అమెరికా విశ్వవిద్యాలయాలలో సెమిస్టరు తొలి తరగతిలో అధ్యాపకుడు అందించే ‘సిలబస్’ తెలుగు విద్యార్థికి అలవాటైన సిలబస్ వంటిది కాదు. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో సిలబస్ అంటే యూనిట్ల వారీగా పాఠ్యాంశాల జాబితా కాగా, అక్కడ ఆ పత్రంలో పాఠాల క్రమంతో పాటు అధ్యాపకుడి నిబంధనలు కూడా పేజీల కొద్దీ ఉంటాయి. హోంవర్కు ఆలస్యమైతే ఎన్ని మార్కులు తగ్గుతాయి, పరీక్షనాడు జబ్బుపడితే ఎవరికి చెప్పాలి, దిద్దడంలో పొరపాటు కనిపిస్తే ఎన్ని రోజుల్లోగా రాసివ్వాలి వంటి ప్రశ్నలకు, అవి ఎవరి మనసులోనూ పుట్టకముందే అందులో సమాధానాలు ఉంటాయి. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో నమోదైన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగువారి సంఖ్య గణనీయం కనుక, ఈ నిబంధనల వెనుకనున్న ఆలోచనను విద్యార్థులే కాక వారిని పంపే కుటుంబాలు కూడా తెలుసుకోవడం అవసరం.

అధికారం ఎవరి చేతిలో

ఈ తేడాకు మూలం చరిత్రలో ఉంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడినప్పుడు పాఠం చెప్పే పని కళాశాలలదీ, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే పని విశ్వవిద్యాలయానిదీ అయింది. అనుబంధ కళాశాలల వ్యవస్థలో ఆ విభజన నేటికీ కొనసాగుతున్నందువల్ల, సెమిస్టరు చివరి పరీక్షలో ప్రశ్నపత్రం ఒకచోట తయారై, జవాబుపత్రం కోడ్ నంబరుతో మరొకచోట దిద్దబడి, ఫలితం పరీక్షల విభాగం నుంచి వెలువడుతుంది. రీకౌంటింగ్ కావాలన్నా, రీవాల్యుయేషన్ కావాలన్నా, తగ్గిన హాజరుకు కండోనేషన్ కావాలన్నా విద్యార్థి రుసుము కట్టి దరఖాస్తు చేసుకోవలసింది కార్యాలయానికే. పాఠం చెప్పిన వ్యక్తి చేతిలో ఉండేవి ప్రధానంగా ఇంటర్నల్ మార్కులు మాత్రమే.

అమెరికాలో ఇందుకు భిన్నమైన మార్గం బలపడింది. చార్లెస్ విలియం ఎలియట్ హార్వర్డ్ అధ్యక్షుడిగా ఉన్న 1869–1909 మధ్యకాలంలో, విద్యార్థి తన కోర్సులను తానే ఎంచుకునే పద్ధతి అక్కడ స్థిరపడి క్రమంగా దేశమంతటా వ్యాపించడంతో, ప్రతి కోర్సూ విడిగా నిలిచే ఒక విభాగమైంది. బోధించే వ్యక్తే ప్రశ్నపత్రం తయారుచేసి, దిద్ది లేక సహాయకుల చేత దిద్దించి, చివరి గ్రేడు నిర్ణయించే ఆ పద్ధతిలో విద్యార్థుల వినతులన్నీ ఆ ఒక్కరి దగ్గరకే చేరుతాయి. రెండు వందల మంది ఉన్న తరగతిలో వాటిని ఏ రోజుకారోజు మనసుకు తోచినట్టు తీర్చడం సాధ్యమూ కాదు, ధర్మమూ కాదు.

అడగందే అమ్మైనా పెట్టదని తెలుగు సామెత. ఒక్కొక్క వినతినీ విడివిడిగా తీర్చే తరగతిలో సరిగ్గా అదే జరుగుతుంది: అడగవచ్చునని తెలిసినవారు, అడిగే ధైర్యమూ భాషా ఉన్నవారు గడువు పొడిగింపు పొందుతారు, తమ కుటుంబంలో తొలిసారి కళాశాల మెట్లెక్కినవారు, పరాయి దేశం నుంచి వచ్చి ఉచ్చారణకు జంకేవారు జ్వరంతోనే అసంపూర్తిగా రాసిచ్చి మార్కులు పోగొట్టుకుంటారు. అధ్యాపకుడు ఏ పక్షపాతమూ చూపకపోయినా ఫలితం పక్షపాతమే అవుతుంది. ముందుగా రాసిపెట్టిన విధానం నోరు తెరవని విద్యార్థికి కూడా అదే వెసులుబాటును చేరవేస్తుంది. దాని అసలు విలువ అక్కడే ఉంది.

గడువులు, గైర్హాజర్లు

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే వినతి గడువు పొడిగింపు. దీనికి కంప్యూటర్ సైన్స్ వంటి కోర్సులలో బాగా వాడుకలో ఉన్న పరిష్కారం ‘లేట్ డేస్’, అంటే సెమిస్టరు మొత్తానికి ప్రతి విద్యార్థికీ నాలుగైదు ఆలస్యపు రోజులను ముందే కేటాయించి, వాటిని ఎప్పుడు ఏ కారణంతో వాడుకున్నా ప్రశ్నించకుండా ఉండటం. హోంవర్కులన్నింటిలో అతి తక్కువ మార్కులు వచ్చిన ఒకదానిని లెక్కలోంచి తీసివేయడం మరొక పద్ధతి. ఈ రెండింటి వల్ల విద్యార్థి తన కష్టాన్ని నిరూపించుకోవలసిన అగత్యం తప్పుతుంది, ఎవరి దుఃఖం నిజమో ఎవరిది సాకో తేల్చవలసిన ఇబ్బంది అధ్యాపకుడికి తప్పుతుంది. అయితే సమాధానాలు తరగతికి విడుదలైన తరువాత మాత్రం ఏ కారణంతోనైనా హోంవర్కు స్వీకరించడం అరుదు, ఎందుకంటే ఆపైన ఇచ్చినది ఎవరి పనో చెప్పడం సాధ్యం కాదు.

కొన్ని వినతులు అధ్యాపకుడి దయకు సంబంధించినవి కావు, చట్టానికి సంబంధించినవి. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ విభాగం, 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం ప్రకారం వైకల్యం గల విద్యార్థికి తగిన ఏర్పాట్లు చేయడం విశ్వవిద్యాలయం బాధ్యత. చదవడంలో ఇబ్బంది, తీవ్రమైన ఆందోళన వంటి కంటికి కనిపించని సమస్యలు కూడా దీని పరిధిలోకి రావచ్చు. విద్యార్థి తన వైద్య పత్రాలను ఇందుకోసం ఉన్న ప్రత్యేక కార్యాలయానికి ఇస్తే, ఆ కార్యాలయం జబ్బు పేరు చెప్పకుండా, గంట పరీక్షకు గంటన్నర ఇవ్వాలన్నంత వరకే అధ్యాపకుడికి తెలియజేస్తుంది. పరీక్ష ముగిశాక తెచ్చిన పత్రం సాధారణంగా వెనక్కి వర్తించదు కనుక, ఇంట్లోవారికి సైతం చెప్పుకోలేని ఇబ్బంది ఉన్న విద్యార్థి తొలివారంలోనే అక్కడికి వెళ్లడం మేలు.

పండుగల విషయం కూడా ఇటువంటిదే. వాషింగ్టన్ రాష్ట్రంలో 2019లో వచ్చిన చట్టం ప్రకారం మతపరమైన కారణాలతో పరీక్ష తేదీ మార్పు వంటి ఏర్పాటు కోరేవారు కోర్సు మొదలైన రెండు వారాల్లోగా రాతపూర్వకంగా తెలపాలి, ఆ విధానాన్ని సిలబస్‌లో పొందుపరచాలి. ఇటువంటి నియమం ఉన్నచోట దసరాకో ఉగాదికో ముందుగా అడిగిన విద్యార్థికి దారి ఉంటుంది. డిసెంబరులో చవగ్గా దొరికిందని చివరి పరీక్షకు ముందు తేదీకి విమానం టికెట్టు కొనుక్కుని, ఆ తరువాత పరీక్షను ముందుకు జరపమని కోరేవారికి మాత్రం చాలాచోట్ల నిరాకరణే ఎదురవుతుంది. ఆ తేదీ సెమిస్టరు మొదటినుంచీ అందరికీ తెలిసినదే.

మార్కుల గురించి అడగడం

మార్కుల విషయంలో రెండు రకాల వినతులను వేరుచేసి చూడాలి. మొదటిది దిద్దడంలో పొరపాటును చూపడం. ఇది విద్యార్థి హక్కు. పత్రం చేతికొచ్చిన వారంలోగా, ఏ ప్రశ్నలో ఏది సరైనదో కారణంతో సహా రాసివ్వాలన్నది మామూలుగా కనిపించే నియమం. పత్రం మొత్తాన్ని తిరిగి దిద్దుతామనీ, మార్కులు తగ్గవచ్చుననీ కొందరు ముందే చెబుతారు. న్యాయమైన అభ్యంతరాన్ని ఆపడానికి కాదు, అదృష్టం పరీక్షించుకునే అర్జీలను నివారించడానికే ఆ షరతు.

రెండవది అవసరాన్ని చూపి గ్రేడు పెంచమనడం. పోస్టు గ్రాడ్యుయేట్ విద్యార్థి సగటు గ్రేడు 4కు 3 పాయింట్ల కంటే తగ్గకూడదన్న నియమం చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది, దాని మీద ఫీజు రాయితీయో, అప్పు చేసి పంపిన తల్లిదండ్రుల ఆశో ఆధారపడి ఉంటుంది. ఆ ఆవేదన నిజమైనదే. అయినా అధ్యాపకులు దీనిని అంగీకరించకపోవడానికి బలమైన కారణం ఉంది: గ్రేడు చెప్పేది విద్యార్థి ఎంత నేర్చుకున్నాడన్నదే తప్ప అతనికి ఎంత అవసరమన్నది కాదు, పైగా అంతే మార్కులతో అంతే అవసరంతో ఉండి అడగనివారు అదే తరగతిలో ఉంటారు. ఒక్కరికే అదనపు పని ఇచ్చి మార్కులు కలపకపోవడమూ ఇందువల్లనే.

సెమిస్టరు చివర ఈ వినతి ఫలించకపోయినా, అంతకుముందే సెమిస్టరు మధ్యలో ఎన్నో మార్గాలుంటాయి. ‘ఆఫీస్ అవర్స్’, అంటే అధ్యాపకుడు విద్యార్థుల సందేహాల కోసమే కేటాయించిన గంటలు, వాటిలో మొదటిది. నిర్ణీత తేదీలోగా కోర్సు నుంచి తప్పుకుంటే మార్కుల పత్రంలో గ్రేడు బదులు ‘డబ్ల్యు’ అక్షరం పడుతుంది. కాని ఎఫ్-1 వీసా మీదున్నవారు ముందుగా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి లేకుండా పూర్తికాలపు కోర్సుల భారం కంటే తగ్గితే వీసా హోదాకే ముప్పు. పనిలో అధికభాగం పూర్తిచేసి చివరలో ఆపదలో పడినవారికి ‘ఇన్‌కంప్లీట్’ అనే తాత్కాలిక గుర్తు ఇచ్చి, మిగిలినది తరువాత పూర్తిచేయనిచ్చే వీలు కూడా ఉంది.

లేఖలు, తల్లిదండ్రులు

సిఫారసు లేఖను అధ్యాపకుడు తన మాటల్లో తానే రాయాలన్నది అక్కడి ఆచారం. అందుకే కనీసం మూడు వారాల ముందు అడగమనీ, విద్యార్థి గురించి చెప్పదగిన విషయాలు తెలియనప్పుడు నిరాకరిస్తామనీ విధానంలో రాస్తారు. పేలవమైన లేఖ కంటే ఆ నిరాకరణే విద్యార్థికి మేలు. 1974లో వచ్చి ‘ఫెర్పా’గా పేరుపొందిన చట్టం విద్యా రికార్డులను చూసే హక్కును విద్యార్థికి ఇస్తుంది, లేఖను చూసే హక్కును వదులుకుంటున్నట్లు సంతకం చేయమని అడగడం ఆ చట్టం నుంచి వచ్చిన పద్ధతే. కళాశాలలో చేరిన నాటినుంచి రికార్డుల మీది హక్కు తల్లిదండ్రులది కాక విద్యార్థిది అవుతుంది. అందుకే గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో తండ్రి ఎంత ఆదుర్దాతో ఫోన్ చేసినా, విద్యార్థి రాతపూర్వక సమ్మతి లేకుండా మార్కుల గురించి మాట్లాడటానికి అధ్యాపకుడు ఒప్పుకోడు. అది తండ్రిని అవమానించడం కాదు, విద్యార్థిని పెద్దవాడిగా గుర్తించడం.

ఎంత జాగ్రత్తగా రాసిన నియమమైనా జీవితంలోని ఆపదలన్నింటినీ ఊహించలేదు. వేల మైళ్ల దూరంలో తల్లి ఆసుపత్రి పాలైన వార్త విన్న విద్యార్థికి నాలుగు ఆలస్యపు రోజులు ఏ మూలకూ చాలవు. మంచి విధానాలు ఇటువంటి సందర్భం గురించి వేరుగా ఒక వాక్యం రాసి, వెంటనే వచ్చి మాట్లాడమని చెబుతాయి. విద్యార్థుల డీన్ కార్యాలయం ఒక్కసారి వివరాలు పరిశీలించి అధ్యాపకులందరికీ తానే తెలియజేసే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంది. ఆ వాక్యం లేని విధానం నిష్పక్షపాతంగా ఉండవచ్చు గాని, దానిలో మానవత్వం లోపిస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో సొంతంగా పరీక్షలు జరుపుకునే అటానమస్ కళాశాలలు పనిచేస్తున్న ఈ కాలంలో, మార్కుల మీద అధికారం బోధించేవారికి మరింత దగ్గరగా వచ్చింది. ఆ అధికారంతో పాటు ఈ అలవాటు కూడా రావలసి ఉంది. ఇంటర్నల్ పరీక్ష తప్పితే ఏమిటి, అసైన్‌మెంటు ఆలస్యమైతే ఏమిటి, మార్కుల మీద అనుమానం ఉంటే ఎప్పుడు అడగాలి అన్నది మొదటి రోజే ఒక్క కాగితం మీద తేటతెలుగులో రాసి పంచితే చాలు. చివరి బెంచీలో కూర్చుని సెమిస్టరంతా నోరు విప్పని విద్యార్థి చేతికి కూడా ఆ కాగితం అందుతుంది.