పదమూడేళ్ల రేసర్ శ్రేయస్ హరీష్

మారికుప్పంలో రైలెక్కి వందలాది మంది దినదినమూ పనికి వెళ్లే బెంగళూరు నగరపు బాలుడు శ్రేయస్ హరీష్. 2010 జులై 26న పుట్టిన ఈ పిల్లవాడు కెన్‌శ్రీ పాఠశాలలో చదువుకుంటూనే మోటారుసైకిలు పందేలలో ‘బెంగళూరు కిడ్’ అన్న పేరు సంపాదించుకున్నాడు. 2023 ఆగస్టు 5న, పదమూడు నిండిన పది రోజులకే, చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద జరిగిన ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయాడు.

అతని ప్రతిభ చిన్నది కాదు. బాలబాలికల కోసం చిన్న బండ్లతో నిర్వహించే మినీజీపీ పోటీలలో భారతదేశపు విజేతగా నిలిచాడు. స్పెయిన్ దేశానికి వెళ్లి అక్కడి పందేలలో ఒకసారి ఐదవ స్థానం, మరొకసారి నాలుగవ స్థానం పొందాడు. 2023లో జాతీయ పోటీల కొత్తవారి విభాగంలో వరుసగా నాలుగు పందేలు గెలిచాడు. అదే ఆగస్టు నెలలో మలేసియాలోని సెపాంగ్ ట్రాక్ మీద 250 సీసీ విభాగంలో పాల్గొనవలసి ఉండెను.

ఆ కొత్తవారి విభాగంలో అందరికీ ఒకే కంపెనీ వారి ఒకే నమూనా బండి ఇస్తారు. అంగడిలో అమ్మే బండినే పందేనికి తగినట్లు మార్చి సిద్ధం చేస్తారు. బండ్లన్నీ సమానం గనుక గెలుపు నడిపేవాని నేర్పు మీదనే ఆధారపడుతుంది. ఈ పద్ధతిలో ఉన్న న్యాయం ఇది. ఇందులోనే ఒక చిక్కు కూడా ఉన్నది. అందరి వేగమూ ఒకటే అయినప్పుడు ఎవరూ ఎవరికీ దూరం కారు. పందెం మొదలైన కొన్ని క్షణాలకే బండ్లన్నీ గుంపుగా మొదటి మలుపును చేరుతాయి. ముందున్నవాడు పడితే వెనుకవాడు చూసి, తెలుసుకుని, బ్రేకు పట్టేందుకు వ్యవధి ఉండదు.

ఆ శనివారం ఉదయం అర్హత పరీక్షలో శ్రేయస్ అందరికంటే తక్కువ సమయంలో చుట్టు పూర్తి చేసి మొదటి స్థానం దక్కించుకున్నాడు. పందెం ఆరంభమైన కాసేపటికే మొదటి మలుపు నుండి బయటపడుతూ పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయం తగిలింది. వెంటనే ఎర్రజెండా చూపి పందెం ఆపినారు. అక్కడే సిద్ధంగా ఉన్న అంబులెన్సులో ఆసుపత్రికి తరలించినా ప్రాణం దక్కలేదు. ఆ రోజు, మరునాడు జరగవలసిన పందేలన్నీ రద్దు చేసినారు.

అనుభవం లేనందువల్లనే ఇట్లా జరిగిందని అనుకోవడం సరి కాదు. అదే సంవత్సరం జనవరి 8న అదే ట్రాక్ మీద కార్ల పందెంలో సీనియర్ రేసర్ కె.ఇ.కుమార్, 59 ఏళ్ల వయసులో, మరొక కారు తగిలి తన కారు బోల్తాపడి మరణించినాడు.

అయితే పిల్లల విషయం వేరు. 2021 జులైలో స్పెయిన్‌లోని ఆరగాన్‌లో 14 ఏళ్ల హ్యూగో మిల్లాన్ పడి, లేవబోతుండగా వెనుక బండి తగిలింది. రెండు నెలలకే హెరెస్‌లో 15 ఏళ్ల డీన్ బెర్తా వినాలెస్ అదే విధంగా పోయినాడు. అంతకు మునుపే, 2010 ఆగస్టులో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో పీటర్ లెంజ్ అనే 13 ఏళ్ల బాలుడు పడినప్పుడు అతనిని తాకిన బండి నడిపినవాడు 12 ఏళ్లవాడు. ఈ ముగ్గురికీ హెల్మెట్టు ఉంది, తోలు కవచం ఉంది, వైద్యులు దగ్గరనే ఉన్నారు. వెనుక నుండి వచ్చే బండి బరువును ఏ కవచమూ ఆపదు. 2021లో ఇద్దరు పిల్లలు పోయిన తరువాత అంతర్జాతీయ మోటారుసైకిల్ సమాఖ్య కనీస వయసులు పెంచింది. మోటో జీపీ స్థాయి పందేలకు 2023 నుండి 18 ఏళ్లు నిండవలెనని నిర్ణయించింది. ఈ నిర్ణయం ఇంకా ముందే రావలసినది.

ఇరుంగాట్టుకోట్టై శ్రీపెరుంబుదూరు దాపున ఉన్నది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే ఆ చివర ముగిసేది శ్రీపెరుంబుదూరు వద్దనే. ఈ చివర హొసకోట నుండి బేతమంగళం వరకు దాదాపు 71 కిలోమీటర్ల దారి 2024 డిసెంబరులో వాహనాలకు తెరుచుకున్నది. దాని మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. అయినా బండ్లు ఎక్కుతున్నాయి. వేగం రెట్టింపు అయితే ఢీకొన్నప్పటి శక్తి నాలుగు రెట్లు అవుతుంది. 40లో పడినవాడు మోకాళ్లు గీరుకుని లేచినంత మాత్రాన 80లో కూడా లేస్తాడని తలచరాదు. పైగా ట్రాక్ మీద బండ్లన్నీ ఒకే దిక్కుకు పోతాయి, ఎర్రజెండా ఉంటుంది, అంబులెన్సు ఇంజను ఆన్‌లోనే ఉంటుంది. ఊరి దారిలో ఎదురుగా లారీ వస్తుంది, పక్క నుండి గొర్రెలు వస్తాయి.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన చట్టం ఒకటున్నది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష ఇంటి పెద్దకు, లేదా బండి యజమానికి పడుతుంది. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లవానికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.