సి.ఎన్.సి. యంత్రం వద్ద ఉద్యోగం: వేతనం ఎవరికి పెరుగుతుంది?

ఐ.టి.ఐ.లో టర్నర్ లేదా మెషినిస్ట్ శిక్షణ రెండేళ్లు పూర్తిచేసుకొని కర్మాగారంలో అడుగుపెట్టే యువకునికి నేడు ఎదురయ్యేది చేతిచక్రాలు గల పాత లేత్ యంత్రం కాదు. నాలుగు ప్రక్కల మూసివున్న పెట్టె, దానికొక గాజు తలుపు, ప్రక్కన మీటల పలక. లోపల ఉక్కుకడ్డీ తిరుగుతూ ఉంటుంది. పనిముట్టు తనంత తానే ముందుకు జరిగి లోహాన్ని కోస్తుంది. దీనినే కంప్యూటర్ నియంత్రిత యంత్రమని, క్లుప్తంగా సి.ఎన్.సి. అని వ్యవహరిస్తున్నారు. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీతో ఒక మిల్లింగు యంత్రాన్ని నడిపి చూపారు. ఆ పద్ధతికి కంప్యూటర్ తోడై నేటి యంత్రం రూపొందినది.

యంత్రమే అంతా చేస్తుండగా మనిషికి జీతమెందుకు అన్న సందేహం సహజమైనదే. దీనికి సమాధానం తెలిసినప్పుడే ఈ వృత్తిలో వేతనాల తీరు బోధపడుతుంది.

ఒక ఇరుసును 25 మిల్లీమీటర్ల వ్యాసానికి తరగవలసి ఉన్నదనుకొందాము. నక్షాలో 24.98 నుండి 25.00 వరకు మాత్రమే అనుమతి ఉన్నది. ఉదయం తీసిన మొదటి ఇరుసు 24.985 వచ్చినది. పని సాగినకొద్దీ పనిముట్టు మొన అరుగుతుంది; అరిగినకొద్దీ అది తక్కువ లోహాన్ని కోస్తుంది; ఇరుసు లావెక్కుతుంది. మధ్యాహ్నానికి మైక్రోమీటరు 24.998 చూపినది. ఇంకా అనుమతిలోనే ఉన్నది, కాని తరువాతి ఇరుసు దాటిపోవచ్చును. ఇప్పుడు కార్మికుడు యంత్రానికి 0.010 తగ్గించి కోయమని దిద్దుబాటు ఇవ్వాలి. గుర్తు పొరబడి కూడిక చేస్తే ఇరుసు లావుగా వస్తుంది; దానిని మరల తరగవచ్చును. అవసరానికి మించి తగ్గిస్తే సన్నబడిన ఇరుసు తుక్కుపాలే. రంధ్రం తొలిచేటప్పుడు ఈ లెక్క తలక్రిందులవుతుంది. మొన పూర్తిగా అరిగినదా, లేక చక్ పట్టు సడలినదా, లేక వేడికి లోహం వ్యాకోచించినదా అన్నది యంత్రం చెప్పదు. శబ్దం విని, రజను రంగు చూచి, కొలిచి మనిషి తేల్చుకోవలసినదే.

వేగం సంగతి కూడా ఇట్టిదే. నిమిషానికి 150 మీటర్ల కోత వేగం కావలెనన్నచో 50 మిల్లీమీటర్ల కడ్డీ నిమిషానికి దాదాపు 955 చుట్లు, 25 మిల్లీమీటర్ల కడ్డీ 1,910 చుట్లు తిరగాలి. పదవ తరగతి గణితమే ఇది. కొన్ని యంత్రాలలో 50 అంకె ప్రక్కన దశాంశ బిందువు పెట్టడం మరచితే యంత్రం దానిని 50 మిల్లీమీటర్లుగా గాక 0.05 మిల్లీమీటరుగా గ్రహిస్తుంది. ఒక్క చుక్కకు పనిముట్టు, దానిని పట్టే భాగం రెండూ విరగవచ్చును.

అందుచేత ఈ వృత్తిలో మూడు మెట్లు ఏర్పడినవి. ముడిసరుకు ఎక్కించి, మీట నొక్కి, తయారైన వస్తువును దింపేవాడు ఆపరేటర్. పనిముట్లు అమర్చి, మొదటి వస్తువును కొలతకు తెచ్చేవాడు సెట్టర్. నక్షా చూచి యంత్రానికి ఆదేశాలు వ్రాసేవాడు ప్రోగ్రామర్. వేతనంలో అసలైన పెరుగుదల మొదటి మెట్టు నుండి రెండవదానికి చేరినప్పుడే కనిపిస్తుంది. పదేళ్లు మీట నొక్కినంత మాత్రాన ఆ మెట్టు దానంతట రాదు. పైగా ఎక్కించి దింపే పనిని నేడు రోబో చేతులు చేపడుతున్నవి. ముందుగా తగ్గిపోయే ఉద్యోగం అదే. ఈ మాట చెప్పకుండా యువకులను ఆశపెట్టడం సబబు కాదని నా అభిప్రాయం.

ఆరంభంలో ఆదాయం స్వల్పమే. 2019లో సవరించిన అప్రెంటిస్ నియమాలు ఐ.టి.ఐ. ఉత్తీర్ణునికి నెలకు 7,000 రూపాయలు, డిప్లొమా గలవానికి 8,000 రూపాయలు కనీస భృతిగా నిర్దేశించినవి. రెండవ సంవత్సరం 10 శాతం అధికం. ఇల్లు విడిచి నగరంలో గది అద్దెకు తీసుకొనేవానికి ఇది చాలదు. అయినను సెట్టర్ ప్రక్కన నిలబడి నేర్చుకొనే అవకాశమున్న చోట ఆ ఏడాది వృథా కాదు. లేనిచోట అది చవక కూలి మాత్రమే.

ఉద్యోగం దొరికిన పిమ్మట గమనించవలసినది, పేరు ఏ తరగతిలో నమోదైనదన్నది. కనీస వేతనాలను నైపుణ్యం లేనివారికి, అర్ధనైపుణ్యం గలవారికి, నైపుణ్యం గలవారికి వేరువేరుగా నిర్ణయిస్తారు. కాంట్రాక్టరు ద్వారా చేరినవానిని యంత్రం వద్ద నిలబెట్టి, చిట్టాలో మాత్రం సహాయకునిగా చూపడం అరుదు కాదు. అదనపు గంటలకు రెట్టింపు రేటు ఇవ్వాలన్నది 1948 నాటి కర్మాగారాల చట్టంలోనే ఉన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు దానిని నిలిపి, నియామక పత్రాన్ని కూడా తప్పనిసరి చేసినవి.

అవకాశాల విషయానికి వస్తే, ఈ యంత్రాలు ఒక్క ప్రాంతానివి కావు. కోయంబత్తూరు పంపులు, రాజకోట యంత్రోపకరణాలు, పూనా మోటారు వాహనాలు, బెంగుళూరు విమాన భాగాలు, అన్నిటికీ ఈ పనివారే కావాలి. హైదరాబాదుకు ఈ విద్య కొత్త కాదు: సికిందరాబాదులో ప్రాగా టూల్స్ 1943లోనే వెలసినది, బాలానగరులోని కేంద్రీయ పనిముట్ల రూపకల్పన సంస్థ 1968 నుండి శిక్షణ ఇస్తున్నది. తెలంగాణ ప్రభుత్వం 2024లో 65 ఐ.టి.ఐ.లను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టినది. ఆదేశాల అక్షరాలు అంతటా దాదాపు ఒక్కటే. ఎం 03 అంటే లూధియానాలోనైనా, బాలానగరులోనైనా ఇరుసు తిరగడం మొదలు. బీహారు నుండి వచ్చినవాడు, శ్రీకాకుళం నుండి వచ్చినవాడు ఒకరి భాష ఒకరికి రాకముందే ఒకే యంత్రాన్ని వంతులవారీగా నడుపగలరు.

శిక్షణాలయాన్ని ఎంచుకొనే విద్యార్థి అక్కడి వారిని అడుగవలసినది ఎన్ని యంత్రాలున్నవని కాదు. వారానికి ఎన్ని గంటలు తన చేతికి యంత్రం ఇస్తారు, మొదటి వస్తువును తననే అమర్చి కొలవనిస్తారా, లేక ఇరవై మంది వెనుక నిలబడి చూడవలసినదేనా అని అడగాలి. అవకాశముంటే ఒక పూట వెళ్లి, అక్కడి మైక్రోమీటర్లు పెట్టెలలో ఉన్నవో, విద్యార్థుల చేతులలో ఉన్నవో చూచి రావడం మంచిది.