మనకు తెలిసిన సైకిల్ దారి పదిమందికీ తెలియాలంటే

షుగర్, బీపీ ఉన్నవారిని రోజూ అరగంట సైకిల్ తొక్కమని మేము చెబుతుంటాము. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచిస్తోంది. అయితే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: "సరే, ఏ దారిలో తొక్కాలి?"

ఇది న్యాయమైన ప్రశ్నే. పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై లారీలు రాత్రింబవళ్లు వేగంగా పోతుంటాయి. అక్కడ తొక్కితే ఆరోగ్యం మాట అటుంచి ప్రాణానికే ముప్పు. హిందూపురం, ధర్మవరం చుట్టుపక్కల ఊళ్లను కలిపే చిన్న దారులు వేరే ఉన్నాయి. ఏది తారు రోడ్డు, ఏది మట్టి దారి, వానొస్తే ఏ వంక పొంగుతుంది, నీడ ఎక్కడ, మంచినీళ్లు ఎక్కడ అన్నవి పాలు పోసేవారికి, సైకిల్ మీద బడికి పోయే పిల్లలకు బాగా తెలుసు. కానీ ఆ సంగతి ఊరు దాటి పోదు.

అందరూ కలిసి గీసే పటం

ఇలాంటి సంగతులను ఒకచోట చేర్చేదే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దీనిని 2004లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన ఇంగ్లండులో ప్రారంభించారు. ఎవరైనా ఉచితంగా పేరు నమోదు చేసుకుని ఇందులో గీయవచ్చు. రోడ్డును గీతగా, బోరింగును చుక్కగా గుర్తిస్తారు. రోడ్డు తారుదా, మట్టిదా అని రాస్తారు. ఊరి పేరు తెలుగులో కూడా చేర్చవచ్చు. ఒకరు తప్పు రాస్తే మరొకరు దిద్దుతారు. ఈ సమాచారంతోనే 2007లో ఆండీ అలన్ సైకిల్ దారులు, ఎత్తుపల్లాలు చూపే ప్రత్యేక పటం తయారుచేశారు. గుండె జబ్బు ఉన్నవారికి మిట్ట ఎక్కడుందో ముందే తెలియడం చిన్న విషయం కాదు.

2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు, ఎక్కడెక్కడి వాలంటీర్లో ఉపగ్రహ చిత్రాలు చూసి రాజధాని వీధులను ఇందులో గీశారు. సహాయక బృందాలు ఆ పటాన్ని వాడుకున్నాయి. సైకిల్‌కు పనికొచ్చే పటం ఆపదలోనూ పనికొస్తుంది.

మీరు చేయగలిగినవి

1. మీ ఊరి దారి, బోరింగు, ఆరోగ్య కేంద్రం పటంలో ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలతో చేర్పించండి.

2. స్వయంగా చూసినదే రాయండి. ఇతర కంపెనీల మ్యాపులనుండి కాపీ చేయకూడదు.

3. మీ ఇంటినుండి బయలుదేరిన దారి రికార్డును అందరికీ కనబడేలా పెట్టకండి.

4. పటాన్ని ముందుగా ఫోనులోకి దించుకుంటే నెట్ లేనిచోట కూడా పనిచేసే యాప్‌లు ఉన్నాయి. ఫోను చూడాలంటే సైకిల్ ఆపి చూడండి.

జాగ్రత్తలు

పటంలో దారి ఉన్నంత మాత్రాన ఈరోజు వంకలో నీళ్లు లేవని కాదు. పారే నీటిలోకి దిగకండి. ఎండాకాలంలో పొద్దున్నే తొక్కి, ఎండ ముదరకముందే ఇల్లు చేరండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో చక్కెర గానీ గ్లూకోజు గానీ ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం అనిపిస్తే ఆగి, 108కి ఫోన్ చేయండి. గుండె జబ్బు ఉన్నవారు, పాదాలకు తిమ్మిరి ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

మీకు తెలిసిన ఒక్క మంచి దారిని పటంలో చేర్చండి. పక్క ఊరి షుగర్ రోగికి అది మందు చీటీ అంత ఉపయోగపడుతుంది.