జారును కాదన్న రష్యన్లు

కొసాక్కులంటే రష్యా చక్రవర్తి జారు కోసం గుర్రమెక్కి కత్తి దూసే సైనికులనే చాలామంది అనుకుంటారు. ఆ కొసాక్కుల్లోనే జారు మీద తిరగబడి, దేశం విడిచి, రెండున్నర శతాబ్దాలు పరాయి పాలనలో రష్యన్ మాట్లాడుతూ బతికిన శాఖ ఒకటుంది. వాళ్లే నెక్రాసోవ్ కొసాక్కులు. సొంత రాజ్యం అండ లేకుండా భాష, ఆచారం అంతకాలం ఎలా నిలిచాయి? రక్తంలోనే ఉందనడం తేలిక. వాళ్ల చరిత్ర చూస్తే ఆ ఘనత తమకు తామే పెట్టుకుని, తామే అమలు చేసుకున్న కట్టుబాట్లదని తేలుతుంది.

పదిహేడో శతాబ్దం మధ్యలో మాస్కో మతాధిపతి నికోన్ పూజా విధానాలను మార్చాడు. రెండు వేళ్లతో శిలువ గుర్తు వేసుకునే పాత పద్ధతి చెల్లదని, మూడు వేళ్లు కలపాలని ఆజ్ఞ. అది ఒప్పుకోని ‘పాత విశ్వాసులు’ చాలామంది డాన్ నదీ తీరానికి చేరారు. భూస్వాముల చెర తప్పించుకున్న రైతులకూ అదే దిక్కయింది. ఆ రైతులను పట్టి తెమ్మని 1707లో పీటర్ చక్రవర్తి సైన్యాన్ని పంపడంతో కొంద్రాతీ బులావిన్ నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. మరుసటి ఏడాది అది అణగారిపోగానే, ఇగ్నాత్ నెక్రాసోవ్ వేలమందిని వెంటబెట్టుకుని క్రిమియా ఖాను ఏలుబడిలోని కూబాన్‌కు వెళ్లిపోయాడు. రష్యా అక్కడికీ విస్తరించేసరికి ఆయన వారసులు డాన్యూబ్ డెల్టాకు, అక్కడి నుంచి తుర్కియేలోని మన్యాస్ సరస్సు ఒడ్డుకు తరలారు.

వాళ్లను కలిపి ఉంచినవి ‘ఇగ్నాత్ ఆజ్ఞలు’. జారుల పాలన ఉన్నంతకాలం రష్యాకు తిరిగి వెళ్లకూడదు. సంపాదనలో మూడో వంతు ఉమ్మడి ఖజానాకు చెల్లించాలి. నాయకుణ్ని ‘క్రుగ్’ అనే సభ ఎన్నుకోవాలి. భార్యను బాధపెట్టిన భర్తను కూడా ఆ సభే శిక్షించాలి. అంటే పన్ను, న్యాయం, మతం మూడూ ఊరి చేతిలోనే ఉన్నాయి. వాటన్నిటినీ నడిపిన భాష రష్యన్. అందుకే అది ఇంటి గడపకే పరిమితం కాకుండా అధికార భాషగా బతికింది.

ఎవరితోనూ కలవకుండా మూలన ఉండిపోయారు కాబట్టే నిలిచారని కొందరు అనవచ్చు. కానీ వాళ్లు సరస్సులో పట్టిన చేపలను తుర్కుల బజార్లలో అమ్మారు, సుల్తాను సైన్యంలో చేరి రష్యాతోనే యుద్ధం చేశారు. ఆడవాళ్ల రంగురంగుల చారల అంగీల్లో తుర్కు బట్ట కనిపిస్తుంది. ఇరుగుపొరుగు నుంచి తీసుకోవాల్సింది తీసుకుంటూనే, నిర్ణయం మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. జారు తరఫున చూస్తే సుల్తాను పక్షాన పోరాడటం ద్రోహమే. వాళ్ల లెక్కలో మాత్రం విశ్వాసం ఒకటి, చక్రవర్తి పట్ల విధేయత మరొకటి. అయితే పెళ్లిళ్ల నియమం ఒక ఇబ్బంది తెచ్చిపెట్టింది: బయటివాళ్లను చేసుకోకూడదు, దగ్గరి బంధువులనూ చేసుకోకూడదు. జనం తగ్గేకొద్దీ సంబంధాలు దొరకడం గగనమైంది.

జారులు పోయిన చాలా ఏళ్లకు, 1962 సెప్టెంబరులో, సుమారు వెయ్యిమంది ‘గ్రూజియా’ అనే ఓడలో నొవోరొసీస్క్ రేవుకు చేరి, స్తావ్రొపోల్ ప్రాంతంలో స్థిరపడ్డారు. సొంతవాళ్ల మధ్యకు వచ్చాక సంస్కృతి మరింత వికసించాలి కదా? జరిగింది వేరు. భూమి సోవియట్ ప్రభుత్వానిది, చదువు సర్కారు బడిది, తగవు తీర్చేది కోర్టు. క్రుగ్ చేయాల్సిన పని మిగల్లేదు. పాటలు వేదికెక్కాయి, అంగీలు మ్యూజియాలకు చేరాయి. బతుకు సుఖపడింది కాబట్టి ఆ మార్పును తప్పుపట్టలేం. అయితే అల్పసంఖ్యాకుల వారసత్వాన్ని ఉత్సవాలతో కాపాడుతున్నామని చెప్పే ప్రభుత్వాలు దీన్ని గమనించాలి. తమ విషయాలు తామే తేల్చుకునే హక్కు లేని సమూహానికి ఆచారం అలంకారంగానే మిగులుతుంది.